తాబేలు డొప్పలో తత్త్వాలు

ఆదోని దగ్గర ఒక కొండమఠంలో ఫకీరప్పస్వామి ఉండేవాడు. ఆయనకు కంటిచూపు పోయింది. గొంతూ పీలగా అయిపోతోంది. తన గురువు దగ్గర నేర్చిన తత్త్వాలు ఇంకెవరికీ రావు. రికార్డు చేస్తే మాటలు తెలియడం లేదు. పక్కన కూర్చుని అడిగి అడిగి రాసుకోవాల్సిందే.

ఆ పని శిష్యుడు సుంకన్న మీద పడింది. ఫోను చేతిలో ఉంటే అతని మనసు నిలవదు. అందుకని తానే ఒక చిన్న కంప్యూటరు చేసుకున్నాడు. జేబులో పట్టే తాబేలు బొమ్మ. డొప్ప ఎత్తితే బుల్లి తెర, చింతగింజలంత మీటలు. తోక తిప్పితే పంక్తులు పైకీ కిందికీ జరుగుతాయి. రాయడం తప్ప దానికి మరో పని తెలియదు.

అదీ మొదట్లోనే. ముచ్చట తీరక సుంకన్న ఒక్కొక్కటే చేర్చాడు. వార్తలు, వాన కబుర్లు, స్నేహితుల సందేశాలు. ఏది వచ్చినా తాబేలు మెడ బయటపెట్టి కిచకిచమంటుంది.

ఒక ఉదయం స్వామి చాప మీద కూర్చుని తత్త్వం ఎత్తుకున్నాడు. చరణం సగంలో ఉండగా కిచకిచ. సుంకన్న చూపు అటు పోయింది.

స్వామి పాట ఆపాడు. కర్ర అందుకుని లేచి, గోడ తడుముకుంటూ తలుపు దాకా పోయి చెవి ఒగ్గాడు.

"ఎవరూ రాలేదు స్వామీ. ఈ బొమ్మ అరిచింది, అంతే."

"పిలిస్తే పలకొద్దా నాయనా?" అంటూ వచ్చి కూర్చున్నాడు. "యాడున్నాం?"

సుంకన్నకు గుర్తు లేదు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ కిచకిచ. మోకాళ్ళు పట్టుకుని స్వామి మళ్ళీ లేచాడు. తిరిగొచ్చి కూర్చున్నాక పెదవులు కదిలాయి గానీ చరణం రాలేదు. ఆ చరణం ఈ లోకంలో ఆయన దగ్గర తప్ప లేదు.

మరోసారి కిచకిచమనగానే స్వామి చెయ్యి కర్ర కోసం వెతికింది. సుంకన్న ఆ చేతిని పట్టుకున్నాడు. ఇంకో చేత్తో తాబేలు పొట్ట విప్పి, కబుర్లు మోసుకొచ్చే గోరంత ముక్కను పెరికి కిటికీలోంచి విసిరేశాడు.

"పాడండి స్వామీ."

"మర్చిపోతి కదప్పా."

"అయితే ఊరికే కూర్చుందాం."

కూర్చున్నారు. ఎండ గడప దాటి లోపలికొచ్చింది. ఉన్నట్టుండి స్వామి తొడ మీద తాళం పడింది.

"దారినడిగితి దారినే, ఊరు చేరితి ఊరకే..."

సుంకన్న బొటనవేళ్ళు పరుగందుకున్నాయి. ఆ చరణం వెనకే ఇంకోటి, దాని వెనకే మరో తత్త్వం. తూము ఎత్తినట్టు పాటలు వచ్చిపడ్డాయి. స్వామి తానే మరిచానని మరిచినవి కూడా వచ్చాయి. పున్నమి నాటికి ఒక్కటి పోకుండా అన్నీ డొప్పలోకి చేరాయి.

ఆ పున్నమి భజనకు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలొచ్చాయి. సుంకన్న ఎప్పటిలాగే స్వామి వెనక చేరబోయాడు. స్వామి అతని భుజం పట్టి ముందుకు తోసి, తాను వెనక కూర్చుని చిడతలు తీసుకున్నాడు.

"ఎత్తుకో నాయనా. నేను వంత పాడతా."