చప్పిడి కంచానికి ఎదురుగా

వైద్యులు వేదాద్రి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరికైనా ఉప్పు తగ్గించమని చెప్పవలసి వస్తే ఆ మాట వెంటనే చెప్పేవారు కాదు. ముందు రెండు ప్రశ్నలు అడిగేవారు. ఇంట్లో వంట ఎవరు చేస్తారన్నది మొదటిది. నువ్వు తినేటప్పుడు ఎదురుగా ఎవరు కూర్చుంటారన్నది రెండోది. ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని రమ్మనేవారు. వాళ్ళు వచ్చాకే పథ్యం సంగతి.

ఆయన దగ్గర వైద్యం నేర్చుకుంటున్న పురుషోత్తానికి ఇది అంతుపట్టలేదు. అతను చురుకైనవాడు, చెప్పింది చెప్పినట్టు గుర్తుంచుకునేవాడు. ఉప్పు ఒక్కసారిగా మానిపిస్తే రోగి తిండి మీద అలుగుతాడు కనుక వారానికి కొంచెం కొంచెంగా తగ్గించాలని, నెలా రెండు నెలలకు నాలుక పాత రుచిని మరిచిపోతుందని, మధ్యలో ఊరగాయ, అప్పడం, ఎండుచేప దొంగదారిన రాకుండా చూసుకోవాలని అతనికి బాగా తెలుసు. అన్నీ తెలిసినవాడికి ఓపిక తక్కువ.

ఒకరోజు పొద్దున సాంబయ్య అనే దర్జీ వచ్చాడు. రక్తపోటు ఎక్కువగా ఉందని పట్నం ఆసుపత్రిలో మాత్రలిచ్చి, ఉప్పు తగ్గించమన్నారట. ఎట్లా తగ్గించాలో అడగడానికి వచ్చాడు. పురుషోత్తం అంతా వివరంగా చెప్పాడు. వేదాద్రి గారు ఆసాంతం విని, బాగా చెప్పావని మెచ్చుకుని, సాంబయ్య వైపు తిరిగి తన రెండు ప్రశ్నలూ అడిగారు. వంట భార్య చేస్తుందట. ఎదురుగా కూర్చునేది తల్లి. "నేను చెయ్యి కడిగిందాకా లేవదండీ. ఇప్పుడూ వెంటే వచ్చింది, బయట అరుగు మీద ఉంది," అని నవ్వాడు సాంబయ్య.

వేదాద్రి గారు నవ్వలేదు. కాసేపు ఆమె దగ్గరే కూర్చోమని అతన్ని బయటికి పంపారు. అప్పుడు పురుషోత్తం అడిగేశాడు. "గురువుగారూ, వండే మనిషిని అడగడంలో అర్థం ఉంది. ఉప్పు ఆమె చేతిలో ఉంటుంది. ఎదురుగా ఊరికే కూర్చునే మనిషితో మనకేం పని?"

దానికి గురువు గారు ఒక సంగతి చెప్పారు.

ఆయన వైద్యం మొదలుపెట్టిన కొత్తల్లో సముద్రపు ఒడ్డున ఒక పాలెం ఉండేది. అక్కడివాళ్ళకు ఉప్పు మడులే బతుకు. ఉప్పు మడి అంటే వరిమడి లాంటిదే, గట్లు వేసి ఉంటుంది. కాకపోతే అందులో ఉప్పునీళ్ళు నింపి ఎండకు వదిలేస్తారు. నీరు ఇగిరిపోయాక, అడుగున తెల్లగా పేరుకున్నదాన్ని చెక్కపారతో గట్టు మీదికి లాగుతారు. ఆ పనిలో కాలం గడిపినవాళ్ళకు రెండు నష్టాలు ఉంటాయని ఆయన అన్నారు. తెల్లటి ఉప్పు మీది ఎండను చూసి చూసి కళ్ళు మందగిస్తాయి. పెదవుల మీద రోజంతా ఉప్పు ఉండడంతో నాలుక ఎంత ఉప్పు వేసినా చాలదంటుంది.

ఆ పాలెంలో అంకమ్మ అనే ఆమె నలభై ఏళ్ళు మడుల్లో పనిచేసింది. చూపు దాదాపు పోయింది, మనుషులు నీడల్లా ఆనేవారు. ఆమెకు ఒక్కడే కొడుకు, పోలయ్య. కోడలు మస్తానమ్మ. నలభై దాటకుండానే పోలయ్యకు గుండె బలహీనపడింది. కాళ్ళు వాచి, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. పట్నం ఆసుపత్రిలో మందులిచ్చారు. మందులు ఎంత ముఖ్యమో ఉప్పు తగ్గించడం అంత ముఖ్యమని, లేకపోతే వాపు గుండె దాకా పోతుందని గట్టిగా చెప్పి పంపారు. పథ్యం చూసే బాధ్యత వేదాద్రి గారి మీద పడింది.

ఆయన మస్తానమ్మను పిలిచి చెప్పారు. ఆమె మారు మాట్లాడకుండా విన్నది. చెప్పినదానికంటే ఎక్కువే చేసింది. ఇంటిల్లిపాదికీ అదే చప్పిడి కూర వండింది, ఒక్కడికే వేరుగా పెడితే మొగుడి మనసు చిన్నబోతుందని. ఎండుచేపల బుట్ట పుట్టింటికి పంపేసింది. అంకమ్మ ఊరుకుంటుందా? ఇంటి ముందు మడి నిండా ఉప్పు పెట్టుకుని లోపల చప్పిడి కూడు తినే ఖర్మ తమకే పట్టిందని వీధిలో అందరికీ చెప్పుకుంది. "నా కోడలి చేతిలో ఉప్పు లేదు గానీ నోట్లో కారానికేం తక్కువ లేదు," అని నవ్వించేది కూడా. కోడలూ తక్కువది కాదు. నాలుక చచ్చినదానికి అమృతం పోసినా చప్పగానే ఉంటుందని జవాబు చెప్పేది. ఆ ఇంట్లో మాటలు ఎప్పుడూ అట్లాగే నడిచేవి. ఇద్దరూ ఒకరినొకరు విడిచి ఉండలేరని పాలెమంతటికీ తెలుసు.

వేదాద్రి గారు ఇంకొక నియమం కూడా పెట్టారు. మస్తానమ్మ అందరూ తిన్నాక మొగుడి కంచంలోనే వడ్డించుకుని, అతను మిగిల్చిన ముద్దతో కలిపి తినేది. ఆ పాలెంలో ఆడవాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. జబ్బు మనిషి ఎంగిలి తినకూడదని ఆయన దాన్ని మాన్పించారు. పరిశుభ్రత కోసమే చెప్పారు. 

నెల గడిచింది. వాపు తగ్గలేదు. రెండో నెలకు మోకాళ్ళ దాకా ఎక్కింది. ఆసుపత్రిలో మందు పెంచి, ఉప్పు తింటున్నాడా అని అడిగి పంపారు. వేదాద్రి గారు పాలెం వెళ్ళి, వాకిట్లో పదిమంది ఉండగా మస్తానమ్మను నిలదీశారు. "పథ్యం తప్పుతోందమ్మాయ్. తప్పకపోతే ఈ వాపు ఉండదు. నీ చేతుల్లో ఉన్నది కూర కాదు, అతని ప్రాణం." ఆమె తలవంచుకుని నిలబడింది. ఆ తర్వాత పాలెంలో ఆడవాళ్ళు ఆమెను చూసే చూపు మారింది.

ఆ మధ్యాహ్నం పోలయ్య తిని చెయ్యి కడుక్కున్నాక, మస్తానమ్మ నియమం తప్పి, అతని కంచంలో మిగిలిన ముద్దను నోట్లో పెట్టుకుంది. రెండు నెలలుగా చప్పిడి తిన్న నాలుక ఆమెది. ఆ ఉప్పు నోట్లో కారంలా మండింది.

జరిగినది ఇదని వేదాద్రి గారికి చాలా తర్వాత తెలిసింది. కొడుకు తింటున్నంతసేపూ అంకమ్మ ఎదురుగా కూర్చుని విసనకర్రతో ఈగలు తోలేది. వాడు ముద్ద ఎత్తలేక ఎత్తుతుంటే తట్టుకోలేకపోయింది. కొంగు చివర ఉప్పు ముడి వేసుకుని, విసురుతూ విసురుతూ చిటికెడు కూర మీద చల్లేది. తన నాలుక చాలనేదాకా చల్లేది. పోలయ్యకు తెలియదా? తెలుసు. అమ్మ మొహం చూసి తినేవాడు.

మస్తానమ్మ ఆ మర్నాటి నుంచి అత్తకు, కంచానికి మధ్యన తానే కూర్చుంది. ఎందుకో చెప్పలేదు. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఎనిమిదో రోజున, ఇంకా పొద్దు ఉండగానే, పోలయ్య పోయాడు.

పెద్దదినం నాడు వేదాద్రి గారు కూడా వెళ్ళారు. చనిపోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి మడిగట్టు మీద ఉంచారు. కాకి వచ్చి ముట్టాలి. ఎంతసేపు చూసినా ముట్టలేదు. ఏదో తీరని కోరిక ఉందని, అది ఏమిటో అని అందరూ గొణుక్కుంటున్నారు. అప్పుడు అంకమ్మ లేచి, తడుముకుంటూ విస్తరి దగ్గరికి వెళ్ళి, కొంగుముడి విప్పింది.

"ఎట్టా ముడతాడు? వాడికి చప్పిడి కూడు సయించదు. రోజూ నేను ఇంత చల్లబట్టే గదా రెండు ముద్దలన్నా తిన్నాడు నా బిడ్డ," అంటూ విస్తరంతా ఉప్పు చల్లింది.

గట్టు మీద ఒక్కరూ మాట్లాడలేదు. వైద్యుడు వాకిట్లో అన్న మాట వాళ్ళందరికీ గుర్తుంది.  అంకమ్మకు కళ్ళు కనబడకపోయినా ఆ నిశ్శబ్దం వినబడింది. ఏందర్రా అట్టా ఊరుకున్నారు, నేనేమన్నానని అడిగింది. ఎవరూ పలకకపోయేసరికి ఆమె చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. ఇంకొక్క క్షణం అయితే ఆమెకు తెలిసిపోయేది.

మస్తానమ్మ నవ్వింది. అత్తను ఎప్పుడూ ఎగతాళి చేసే గొంతుతోనే అన్నది.

"నువ్వు చల్లింది ఆయన ఎప్పుడు తిన్నాడత్తా? నీకు కళ్ళు ఆనవు గదా. నువ్వు చల్లిన ముద్దల్లా పక్కకి పెట్టేవాడు. నువ్వు లేవంగానే నేను తీసకపోయి కోళ్ళకేసేదాన్ని."

అంకమ్మ అటూ ఇటూ మొహం తిప్పి, వైద్యుడు ఉన్నాడనుకున్న వైపు తిరిగింది. "నిజమేనా అయ్యోరూ?"

కోళ్ళు తిన్న ఉప్పుతో మనిషి కాళ్ళు వాయవని వేదాద్రి గారికి తెలుసు. మస్తానమ్మ ఆయన వైపు చూడలేదు. రోగి విషయంలో ఆయన అప్పటివరకు ఎన్నడూ అబద్ధం చెప్పినవారు కాదు.

"నిజమేనమ్మా. పథ్యం ఏమీ తప్పలేదు," అన్నారు.

పథ్యం తప్పకుండానే మనిషి పోతే తప్పు వైద్యుడిదే అవుతుంది. ఆ తర్వాత రెండేళ్ళ పాటు ఆ పాలెం నుంచి ఆయన గుమ్మం ఎవరూ తొక్కలేదు. అంకమ్మకు మాత్రం కొడుకును పోగొట్టుకున్న దుఃఖం మీద ఇంకొక దుఃఖం వచ్చి చేరింది. తన చేత్తో పెట్టింది వాడు తినలేదని, కోడలు దాన్ని కోళ్ళ పాలు చేసిందని గుండెలు బాదుకుంది. ఆ గట్టు మీదే కోడలిని నానా శాపనార్థాలూ పెట్టింది. మస్తానమ్మ ఆ రోజు ఎదురు చెప్పలేదు.

వేదాద్రి గారు చెప్పడం ఆపారు. పురుషోత్తం ఆ అత్తాకోడళ్ళు ఏమయ్యారని అడిగాడు.

మరుసటి ఎండాకాలం ఆ దారిన పోతూ వాళ్ళను చూశానని గురువు గారు చెప్పారు. మడి పక్కన తాటాకు నీడలో అంకమ్మ కూర్చుని ఉంది. కోడలితో మాట్లాడడం మానేసింది. కోడలు ఎదురుగా ఉంటే కంచం ముట్టదు. అందుకని మస్తానమ్మ అన్నం పెట్టి, నాలుగు అడుగులు అవతలికి పోయి, వీపు తిప్పి నిలబడేది. ముసలామె చెయ్యి కడుక్కున్న చప్పుడు వినబడేదాకా ఎండలో అట్లాగే నిలబడేది.

"ఉప్పు గానీ, నిజం గానీ ఎవరికి ఎంత తగ్గించి పెట్టాలో నాకు తెలుసనుకునేవాణ్ణి నాయనా," అన్నారు వేదాద్రి గారు. "ఆ పిల్లకు తెలిసింది."

తర్వాత ఆయన లేచి, గోడవారన ఉన్న పీటను తెచ్చి తన కుర్చీకి ఎదురుగా వేశారు. "సాంబయ్యను కాసేపు అక్కడే ఉండనీ. ముందు వాళ్ళమ్మను తీసుకురా. నువ్వు చెప్పిందంతా ఆవిడకు మళ్ళీ చెప్పు. కొంచెం నెమ్మదిగా చెప్పు. ఈ పథ్యంలో కష్టమైన భాగం ఆవిడదే."