ఆకాశంలో మచ్చ

"మాస్టారూ, ఒక మనిషిని నమ్మవచ్చో లేదో ఎలా తెలుస్తుంది?"

భానుమూర్తి ఈ మాట అడిగేసరికి తమ్మయ్య మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఏలూరులో ఒకప్పుడు ఆయన ఫొటో స్టూడియోకు మంచి పేరుండేది. అది మూసేశాక, సరదాకొద్దీ కెమెరాలు కొనుక్కున్నవాళ్లను మేడమీద గదిలో కూర్చోబెట్టి ఆదివారం ఉదయాలు పాఠం చెప్పేవారు. కెమెరా గురించి ఏమడిగినా చటుక్కున చెప్పే ఆయన, మనుషుల గురించి అడిగితే మాత్రం ఓ పట్టాన పెదవి విప్పరు.

"ఎవరి సంగతి?" అన్నారు.

"జిలానీ సంగతి."

భానుమూర్తి పాలిటెక్నిక్‌లో లెక్చరరు. ఏళ్ల తరబడి ఉబలాటపడి చివరికి, పక్షికో లెన్సు మనిషికో లెన్సు మార్చుకోవచ్చని, ఒక మంచి డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా కొన్నాడు. దాన్ని కట్టుకున్న భార్యను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. అలాంటివాడు జిలానీ అడిగితే కాదనలేకపోయాడు. జిలానీది బజార్లో కళ్లజోళ్ల షాపు, మాస్టారి దగ్గర తోటి శిష్యుడు. శీతాకాలం వస్తే ఇద్దరూ ఒకే పడవలో కొల్లేట్లో తిరుగుతూ పక్షుల ఫొటోలు తీసేవాళ్లు. ఆ ఏడు జిలానీ కెమెరా నీళ్లలో పడి రిపేరుకు వెళ్లింది. గూడబాతులు పిల్లల్ని చేసే అదను దాటిపోతోందని, ఒక్కరోజు కెమెరా ఇమ్మని అడిగి తీసుకున్నాడు.

సాయంత్రానికి కెమెరా తిరిగొచ్చింది, తళతళ మెరుస్తూ. అనుమానం అక్కడే మొలకెత్తింది. ఇచ్చినప్పటికంటే శుభ్రంగా ఎందుకుంది? అంతగా తుడవాల్సిన పని ఏమొచ్చింది?

"ఫొటోలేవీ?" అని అడిగాడు.

"సరిగా రాలేదులే, చెరిపేశాను" అన్నాడు జిలానీ, ఎటో చూస్తూ.

తర్వాత భానుమూర్తి తీసిన ఫొటోల్లో మచ్చ కనబడింది. ఆకాశంలో కుడివైపున, బూడిదరంగులో, ఆవగింజంత. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూస్తే ఏమీ లేదు. ఫొటో తీస్తే ఉంది. కళ్లజోళ్లవాడికి అద్దం మార్చడం ఒక లెక్కా? మేడెక్కి, లెన్సు ఊడదీసి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు. పెట్టె మీద నంబరూ, లెన్సు మీద నంబరూ ఒకటే. అయినా మనసు కుదుటపడలేదు. నంబరున్న చట్రం ఉంచేసి లోపలి అద్దం మార్చకూడదని ఎక్కడుంది? పక్కవాళ్ల ఇల్లు కడుతున్నారు, ఇసుక, సిమెంటు గాలికి లేస్తున్నాయి. ఆ గాలిలోనే మర్నాడు మళ్లీ లెన్సు ఊడదీశాడు. ఆ మర్నాడూ అంతే. మచ్చలు పెరిగాయి.

"చూశావా, రోజురోజుకూ ఎలా ముదురుతోందో!" అన్నాడు భార్యతో.

ఆమె చూసి, "మీరు రోజూ విప్పుతున్నారు కదండీ" అంది.

ఆ మాట అతని చెవికెక్కలేదు. అప్పుడే అటవీశాఖవాళ్లు కొల్లేటి పక్షుల లెక్కకు వస్తూ, ఫొటోలు తీయడానికి మాస్టారి శిష్యుల్లో కొందర్ని పంపమన్నారు. పెద్ద లెన్సు వాళ్లే ఇస్తారట. అందరికంటే ముందు అనుకున్న పేరు జిలానీదే. భానుమూర్తి క్లాసులో ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి చెప్పాడు: "పరాయి వస్తువంటే లక్ష్యం లేని మనిషండీ. తర్వాత మీ ఇష్టం." ఆ పేరు పోయింది. కారణం ఎవరో చెవిన వేస్తే జిలానీ ఎవరితోనూ పోట్లాడలేదు, క్లాసుకు రావడం మానేశాడు. రాకపోవడమే నేరం ఒప్పుకున్నట్టని భానుమూర్తి నిర్ణయించుకున్నాడు. అయినా రాత్రుళ్లు నిద్ర సరిగా పట్టక, ఇప్పుడిలా మాస్టారి దగ్గరకు వచ్చాడు.

అంతా విని మాస్టారు గ్లాసు కింద పెట్టారు.

"లెన్సులో వెలుతురు దూరే కన్నం, ఆ అపర్చరు బాగా చిన్నది చేసి, ఆ తెల్లగోడను ఒక ఫొటో తియ్యి."

తీశాడు. లాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తే గోడ నిండా మచ్చలే.

"జిలానీకి ఇవ్వకముందు తీసిన బొమ్మేదైనా చూపించు. ఆకాశం ఉన్నది."

మాస్టారు రోజూ పెట్టుకునే కళ్లజోడు జిలానీ షాపులో చేయించుకున్నదేనన్న సంగతి భానుమూర్తికి చటుక్కున స్ఫురించింది. ఈయన వాడి పక్షమేమో! అయినా, తన బొమ్మల్లోకెల్లా తనకు ముద్దైన బొమ్మే తెరిచాడు. మధ్యాహ్నపు కొల్లేరు, పైన తెల్లటి మబ్బు, ఆ మబ్బులో దూరంగా ఒకే ఒక్క పక్షి. దాన్ని పెద్దది చేయించి ఇంట్లో ముందుగదిలో తగిలించుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ, "ఆ ఒంటరి పక్షి వల్లే బొమ్మకు ప్రాణం వచ్చిందండీ" అని చెప్పేవాడు.

మాస్టారు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టించి, పక్షిని పెద్దది చేయమన్నారు. పెద్దది చేసేకొద్దీ దానికి రెక్కలు కనబడలేదు. ముక్కూ లేదు. గోడ ఫొటోలో కుడివైపు మచ్చ ఎక్కడుందో, పక్షి సరిగ్గా అక్కడే ఉంది.

భానుమూర్తి రెండు బొమ్మల్నీ మార్చి మార్చి చూశాడు.

"లోపల బొమ్మ పడే పలక మీద నలుసు వాలింది" అన్నారు మాస్టారు. "మిగతావి తర్వాత వచ్చి చేరాయి. కన్ను పెట్టి చూస్తే కనబడవు. నువ్వు చూసే దారి వేరు, బొమ్మ పడే దారి వేరు."

ఎంత సిగ్గుపడ్డా అనుమానం పూర్తిగా చావలేదు. "మరి తీసినవన్నీ ఎందుకు చెరిపేశాడు మాస్టారూ?"

"ఆ సంగతి నాకెలా తెలుస్తుంది? వాణ్ని అడిగావా?"

అడగలేదు. ఊళ్లో అందర్నీ అడిగాడు, వాణ్ని తప్ప.

ఆ మధ్యాహ్నమే షాపుకు వెళ్లాడు. జిలానీ ఒక ఫ్రేములో అద్దం బిగిస్తున్నాడు. కూర్చోమనలేదు. భానుమూర్తి నిలబడే అడిగాడు. జిలానీ అద్దం బిగించడం పూర్తిచేశాడు. తర్వాత ఫ్రేము పక్కన పెట్టాడు.

"నేను తీసిన ప్రతి ఫొటోలోనూ మచ్చ కనబడింది. నేనేం చేశానా అని హడలిపోయాను. అద్దం పట్టి పట్టి తుడిచాను. పోలేదు. అప్పుడు అనుకున్నాను..." అని ఆగాడు. "నిజం చెప్పేస్తాను. పాడైపోయిన కెమెరాని తెలిసే నాకిచ్చావనుకున్నాను. రేపు తప్పు నా మీద పెట్టి కొత్తది కొనిపిస్తావని. నువ్వు చూడకముందే అన్నీ చెరిపేశాను."

"నేను అలాంటివాణ్నా జిలానీ?"

"మరి నేను అలాంటివాణ్నని ఊరంతా చెప్పి రాలేదూ?"

లోపలి నుంచి టీ వచ్చింది. తాగారు.

మళ్లీ ఆదివారం భానుమూర్తి అందరి ముందూ నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. కొందరు తలూపారు. ఒకాయన మాత్రం, "అయినా నిప్పు లేనిదే పొగ రాదు కదండీ" అని పక్కవాడి చెవిలో గొణిగాడు. అంతకుముందు వారం ఆ మాట తన నోటి నుంచే వచ్చినట్టు అనిపించింది భానుమూర్తికి. పక్షుల లెక్కకు మనుషులు అప్పటికే వెళ్లిపోయారు.

జిలానీ ఆలస్యంగా వచ్చి గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్నాడు.

మాస్టారు కెమెరా తెప్పించుకున్నారు. తలుపులు వేయించి, ఫ్యాను ఆపించి, లెన్సు తీసి, కెమెరాను బోర్లా పట్టుకుని, రబ్బరు బుడ్డితో కింద నుంచి గాలి కొట్టారు. ఆ తర్వాత గోడను ఫొటో తీసి చూపించారు. తెల్లగా ఉంది. భానుమూర్తి రెండు చేతులతో కెమెరా అందుకుని, అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుని, గుమ్మం వైపు ఒకసారి చూసి, ఉండబట్టలేక అడిగాడు:

"ఇక దీంట్లో దుమ్ము పడదు కదా మాస్టారూ?"

"లెన్సు ఊడని కెమెరాలు కూడా అమ్ముతారు నాయనా, వాటిలో దుమ్ము అంత తేలిగ్గా పడదు" అన్నారు మాస్టారు. "మరి నువ్వు వాటిని వదిలేసి, ఇది ఎందుకు కొన్నట్టు?"