ముత్యాలరావుగారు తప్పిపోయిన పూట

పాలకొల్లులో హాస్యకథలు రాయడం నేర్పే జోస్యుల భానుమూర్తి మాస్టారికి ఒక అలవాటుండేది. శిష్యులు రాసుకొచ్చిన కథను ఆయనే పైకి చదివేవారు. అదీ వాతావరణ సూచన చదివినట్టు, గొంతులో ఏ విరుపూ లేకుండా. "నవ్వించాల్సింది కథ. మధ్యలో నా గొంతుకేం పని?" అనేవారు.

ఆ ఆదివారం సుభాషిణి కథ చదివారు. అందులో ఒకాయన అరటితొక్క మీద జారి, సాంబారు గంగాళంలో కూలబడి, లేచి పరిగెత్తబోతే పంచె ఊడి, ఆ పంచె కోసం కుక్కతో పెనుగులాడతాడు. చదవడం అయిపోయింది. గదిలో ఒక్కరూ నవ్వలేదు. ఎవరో మొహమాటానికి దగ్గారు.

సుభాషిణికి తల కొట్టేసినట్టయింది. "ఇంతకంటే ఏం చెయ్యమంటారు మాస్టారూ? ఆయన్ని పడెయ్యగలిగిన చోటల్లా పడేశాను. అయినా నవ్వు రాలేదంటే ఇంక అది ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని అడిగింది.

మాస్టారు జవాబు చెప్పేలోగా ఆమె ఫోను మోగింది. చేసింది భర్త. పొద్దున గడ్డం గీయించుకోవడానికి వెళ్ళిన నాన్న ఇంకా ఇంటికి రాలేదట.

ఆమె మామగారు ముత్యాలరావుగారికి కొంతకాలంగా మతిమరుపు. తన పేరు చెప్పగలరు గానీ ఇల్లు ఏ వీధిలో ఉందో చెప్పలేరు. సుభాషిణి కాపరానికొచ్చిన కొత్తలో, అత్తగారు వద్దంటున్నా వినకుండా, సీటు పట్టుకుని వెనకాల పరిగెడుతూ కోడలికి సైకిలు నేర్పిన మనిషి ఆయన.

మాస్టారు కాగితాలు పక్కన పెట్టి లేచారు. "పదండి" అన్నారు. శిష్యులు తలా ఒక వీధి పంచుకున్నారు. మాస్టారూ సుభాషిణీ కాలువగట్టు పట్టారు. రేవు దగ్గర, నీళ్ళు తగిలే మెట్టు మీద, ముత్యాలరావుగారి చెప్పులు పక్కపక్కనే విడిచి ఉన్నాయి. మనిషి లేడు.

కాలువ నిండుగా పారుతోంది. సుభాషిణి ఆ మెట్టు మీదే కూలబడింది. చెప్పులు రెండూ ఒళ్ళోకి తీసుకుంది.

అవతలి గట్టున బట్టలుతుకుతున్న ఆవిణ్ణి మాస్టారు కేకేసి అడిగారు.

"తెల్లచొక్కా పెద్దాయనేనాండీ? కాళ్ళు కడుక్కుని ఒట్టి కాళ్ళతోనే గట్టెక్కారు. మేళం వినపడుతుంటే అటు నడిచారు" అందామె.

మేళం కల్యాణమండపంలోది. చెప్పులు చేతబట్టుకుని సుభాషిణి పరిగెత్తింది. లోపల భోజనాల పంక్తిలో, మెళ్ళో బంతిపూల దండతో, విస్తరి ముందు దర్జాగా కూర్చుని ఉన్నారు ముత్యాలరావుగారు. మగపెళ్ళివారు ఆయన్ని ఆడపెళ్ళివారి పెద్ద అనుకున్నారు. ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి పెద్ద అనుకున్నారు. వధూవరులు కాళ్ళకు దణ్ణం కూడా పెట్టేశారు. పెళ్ళికూతురి తండ్రి స్వయంగా పక్కన నిలబడి, "మీరు కాదనకూడదు బావగారూ, ఇంకొక్క పూర్ణం" అని బతిమాలుతున్నాడు.

"పూర్ణాల సంగతి సరే, పులుసులో ఉప్పేదండీ? మా కోడలు పెడుతుంది చూడండి పులుసు..." అంటూ తలెత్తి ఆయన సుభాషిణిని చూశారు. "అదిగో, మాటల్లోనే వచ్చింది! రామ్మా, కూర్చో. మొహమాటపడకు, అంతా మనవాళ్ళే. ఎవరి పెళ్ళో మాత్రం నన్నడక్కు."

సుభాషిణికి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. గోడకు చేరగిలబడి, ఆ చెప్పులు గుండెకు హత్తుకుని, కళ్ళనీళ్ళు కారుతుండగా నవ్వింది. భర్తకు ఫోను చేసి "దొరికారు" అన్న ఒక్క మాట చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. సంగతి తెలిసి పంక్తి పంక్తంతా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా ముత్యాలరావుగారూ నవ్వారు. పెళ్ళికూతురి తండ్రి మాత్రం దండ తియ్యనివ్వలేదు. "బావగారూ అని పిలిచాక ఇంక వెనక్కి తీసుకోను" అంటూ ఆమెకూ మాస్టారికీ కూడా విస్తళ్ళు వేయించాడు.

భోజనాలయ్యాక మామగారి చెయ్యి పట్టుకుని ఇంటికి నడుస్తూ సుభాషిణి అడిగింది: "మాస్టారూ, ఈయన కనీసం కాలు కూడా జారలేదు. ఉప్పు లేదన్నారు, అంతే. దానికి నేనలా నవ్వానేం? నా కథలో ఆయన అన్నిసార్లు పడ్డా ఎవరికీ నవ్వు రాలేదే?"

"నీ కథలో ఆయన కోసం ఎవరూ వెతకలేదమ్మా" అన్నారు మాస్టారు.