లామాకి మేత మార్చిన తాతబ్బాయి

మెరకపాలెంలో బుర్రంటూ ఉంటే అది తన ఒక్కడికే ఉందని తాతబ్బాయికి గట్టి నమ్మకం. భార్య వెంకాయమ్మా, తమ్ముడు పోతురాజూ కూడా అదే నమ్మారు. ఇంట్లో కాదనే బుర్ర ఇంకొకటి లేదు కాబట్టి పేచీ రాలేదు.

వాళ్ళు కాపలా ఉండే తోట యజమాని సరదాపడి ఎక్కణ్ణుంచో ఒక లామాని తెప్పించి వీళ్ళకి అప్పగించాడు. ఒంటె మొహం, గొర్రె బొచ్చు. వచ్చిన రోజే అది తాతబ్బాయి భుజం మీద గడ్డం ఆనించింది. పిల్లాజెల్లా లేని మనిషి, కరిగిపోయాడు. ప్రేమకొద్దీ మూడుపూటలా చద్దన్నం పెట్టాడు.

నెల తిరక్కుండానే పశువుల డాక్టరమ్మ వచ్చి నెత్తి కొట్టుకుంది. "చిక్కిపోయిందయ్యా! అన్నం మానిపించి ఎండుగడ్డి పెట్టండి. ఒక్కసారిగా కాదు, మేత నెమ్మదిగా మార్చాలి. దాని ముందు ఎప్పుడూ నీళ్ళుండాలి. బొచ్చు చూసి మోసపోకండి, కింద చెయ్యి పెట్టి వెన్ను తడమండి. మళ్ళీ నెలకి కోలుకోకపోతే వేరే తోటకి పంపించేస్తాను" అంది.

తాతబ్బాయి లామా మెడ వాటేసుకున్నాడు. ఆ లామా లేకపోతే తను బతకలేడు.

ఇంకేముంది, వెంకాయమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నెమ్మదిగా బయల్దేరింది. అడుగుకీ అడుగుకీ మధ్య ఒక వక్క నమిలేది. తెల్లారి బయల్దేరిన గడ్డి పాకలోకి చేరేసరికి మిట్టమధ్యాహ్నం.

"అంత పరుగెందుకే? నెమ్మదిగా అన్నారు కదా!" అని తాతబ్బాయి కసిరేవాడు.

పోతురాజు బకెట్టు పట్టుకుని లామా ముందు నిలబడ్డాడు. అది ఎటు తిరిగితే అటు పరిగెత్తి మళ్ళీ ముందుకొచ్చేవాడు. విసుగెత్తి అది మొహాన ఉమ్మేసింది.

"అన్నయ్యా, నీళ్ళు తిరిగిచ్చేస్తోంది!"

"మంచి గుణం. అప్పుంచుకోదు" అన్నాడు తాతబ్బాయి.

గడువు రోజు పొద్దున్నే తాతబ్బాయికి ఒక ఆలోచన తట్టింది. మోసం చేసేది బొచ్చయినప్పుడు దాన్ని ఉంచడమెందుకు? అంతే, కత్తెర తెచ్చి మొత్తం కత్తిరించేశాడు. కిందనుంచి సగం లామా బయటికొచ్చింది.

"ఉన్నదాంట్లో సగం పోయిందిరా!" అని ముగ్గురూ గొల్లుమన్నారు. అప్పుడే గేటు దగ్గర డాక్టరమ్మ జీపు ఆగింది.

"ఏడవకండి," అన్నాడు తాతబ్బాయి. "ఆవిడ తడిమేది బొచ్చు కింద వెన్నే కదా! మనింట్లో నిండైన వెన్ను ఎవరిది?"

వెంకాయమ్మ అతని వీపు మీద ఒక్కటి చరిచి చూసింది. "నీదే!"

తాతబ్బాయి బొచ్చంతా దుప్పటికి కట్టి కప్పుకుని, పాకలో నాలుగుకాళ్ళ మీద నిలబడ్డాడు.

డాక్టరమ్మ మొదట గడ్డి నములుతున్న బోడి లామాని తడిమింది. తర్వాత పక్కనున్న బొచ్చుదాని కిందకి చెయ్యి పోనిచ్చింది. మొలతాడుకున్న తాళంచెవి చేతికి తగిలింది. పెదవి కొరుక్కుంది.

"బోడిది బాగా కోలుకుంది, ఇక్కడే ఉండనివ్వండి. ఈ బొచ్చుదానికే మరీ కొవ్వెక్కింది. అన్నం మానిపించి ఎండుగడ్డి పెట్టండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

తాతబ్బాయి దుప్పటి కింద ఆనందంతో ఏడ్చేశాడు.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే వెంకాయమ్మ గడ్డి వడ్డించింది.

"ఇదేంటే?"

"డాక్టరమ్మ మాట కాదంటానా? దక్కక దక్కక దక్కింది లామా."

తాతబ్బాయి కాసేపు ఆలోచించాడు. ఎంతైనా బుర్రున్న మనిషి. "పిచ్చిదానా, మేత ఒక్కసారిగా మార్చొచ్చా? ముందు అన్నంలో ఒక్క పరక కలుపు. రేపు రెండు."

ఆ తెలివికి వెంకాయమ్మ మురిసిపోయింది. పోతురాజు బకెట్టు తెచ్చి అన్న ముందు నిలబడ్డాడు.

అలా కలుపుతూ కలుపుతూ రెణ్ణెల్లు తిరిగేసరికి కంచంలో మెతుకన్నది లేదు. తాతబ్బాయి ఓపిగ్గా నములుతున్నాడు. వెనకనుంచి లామా అతని భుజం మీద గడ్డం ఆనించి, కంచంలోంచి తన వాటా లాక్కుంటోంది.