మువ్వ మోగని నడక

మీ తాతల తాతలు కూడా పుట్టకముందు ఒక రాజుండేవాడర్రా. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి నల్లగుర్రం, నడిమివాడికి తెల్లగుర్రం ఇచ్చాడు. అవి దౌడు తీస్తే దుమ్ము లేచిపోయేది. చిన్నవాడు రత్నకేతుకి మాత్రం జాజి అనే ఎర్రగుర్రం దక్కింది. దాని చెవుల కొనలు లోపలికి వంగి ఉండేవి, సంతోషమేస్తే ఒకదాన్నొకటి తాకేవి. దౌడు మాటే ఎత్తదు. నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ, చరచరా జారిపోతున్నట్టు నడిచేది. ఎక్కినవాడి ఒళ్లు కదిలితే ఒట్టు! పైగా దానికి మాటలొచ్చు.

దసరాకి రాజవీధిలో గుర్రాల ఊరేగింపు జరిగింది. రత్నకేతు కళ్లెం పట్టుకుని జాజిని నడిపిస్తుంటే, ఆ నడక చూసి జనం పగలబడి నవ్వారు. చుట్టపుచూపుగా వచ్చిన పొరుగురాజు కూడా నవ్వుతూ, ఈ గుర్రం ఎవరిది నాయనా అని అడిగాడు. రత్నకేతుకి తల కొట్టేసినట్టయింది.

"నాది కాదండీ. ఎవరో పట్టుకోమన్నారు" అనేశాడు.

జాజి విన్నది. ఆ పూట ఉలవలు ముట్టలేదు.

కొన్నాళ్లకి కరాళుడనే మాంత్రికుడు ఆ పొరుగురాజు కూతురు మణిమాలను ఎత్తుకుపోయాడు. వాడి కోట ఏడు సముద్రాల అవతల. వాడి ప్రాణం కోటలో వేలాడే పంజరంలోని చిలుకలో ఉంది. అది ఎగిరిపోతే వాడు చస్తాడు, కానీ కోట పొలిమేర దాటితేగానీ పంజరం తలుపు ఊడదు. ఆ కోట నేలమీద మనిషి కాలు మోపితే రాయైపోతాడు. గుర్రం మీద వెళ్దామా అంటే, పంజరం నిండా మువ్వలే. ఒక్కటి మోగినా మాంత్రికుడు లేచి, వచ్చినవాణ్ణి రాయిని చేసేస్తాడు.

పెద్దవాడు వెళ్లాడు. నల్లగుర్రం దౌడు తీసింది, మువ్వలు మోగాయి, రాయైపోయాడు. నడిమివాడు వెళ్లాడు. తెల్లగుర్రం దౌడు తీసింది, మువ్వలు మోగాయి, వాడూ రాయైపోయాడు.

రత్నకేతు సిగ్గు చంపుకుని గుర్రపుశాలకి వెళ్లి, సాయం రమ్మని అడిగాడు.

"నేను మీ గుర్రాన్ని కానుగా, దొరా" అంది జాజి.

రత్నకేతు తల దించుకుని వెనుదిరిగాడు.

"వస్తాను. ఆ పిల్ల కోసం, మీ అన్నల కోసం. మీ కోసం మాత్రం కాదు" అంది.

పడవలో ఏడు సముద్రాలూ దాటారు. మాంత్రికుడు గుర్రుపెట్టి నిద్రపోతుంటే రత్నకేతు జీనుమీదినుంచే మెల్లగా పంజరం అందుకున్నాడు. జాజి నడిచింది. ఒక్క మువ్వ కదల్లేదు. ఈ నడకనా నేను కాదనుకున్నది అని అడుగడుగునా వాడి గుండె కుంగిపోయింది. పొలిమేర దాటగానే తలుపు ఊడింది, చిలుక ఎగిరిపోయింది, మాంత్రికుడు బూడిదయ్యాడు. అన్నలు లేచారు, మణిమాల బయటికొచ్చింది. తిరుగుదారిలో మాత్రం జాజి ఒక్క మాటా మాట్లాడలేదు.

రత్నకేతుకి మణిమాలతో పెళ్లి కుదిరింది. ఊరేగింపుకి మామగారైన పొరుగురాజు ముత్యాల జీను వేసిన గుర్రాన్ని తెచ్చాడు. అదే రాజవీధి, అదే జనం. రత్నకేతు దాన్ని ఎక్కలేదు. వెళ్లి జాజి కళ్లెం పట్టుకున్నాడు.

"మామగారూ, ఆ రోజు మీరడిగారు. ఇది నా గుర్రమే. నలుగురూ నవ్వారని సిగ్గుపడి అబద్ధమాడాను."

జాజి చెవుల కొనలు రెండూ కలుసుకున్నాయి.

"ఎక్కండి దొరా, ముహూర్తం దాటిపోతుంది" అంది.

రత్నకేతు, మణిమాల చాలా కాలం చల్లగా ఏలారు. జాజి కడుపున పుట్టిన గుర్రాల మీదే ఆయన సవారీ చేసేవాడు. కానీ తాను అబద్ధమాడిన ఆ రాజవీధి రాగానే, ముసలితనంలో కూడా, దిగి కళ్లెం పట్టుకుని నడిచేవాడట.