శాస్త్రిగారు వెళ్ళి చూడని వింత

వేములకొండ అవతల ఒక రాజ్యం ఉండేదట. దాన్ని ప్రతాపభూపతి ఏలేవాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు గానీ, తనకు తెలియనిది లోకంలో లేదని గట్టి నమ్మకం. పైగా వింతలంటే చెవి కోసుకునేవాడు. ఎక్కడో చేపల వాన కురిసిందన్నా, చింతచెట్టు మాట్లాడిందన్నా అన్నం మానేసి మరీ వినేవాడు.

ఆ పిచ్చి కనిపెట్టి కొలువులో చేరినవాడు సర్వోత్తమశాస్త్రి. లోకంలోని వింతలన్నీ పోగుచేసి ‘ఆశ్చర్య సర్వస్వం’ అనే మహాగ్రంథం రాస్తానని కూర్చున్నాడు. కూర్చున్నాడంటే నిజంగా కూర్చున్నాడే. పొద్దున్నే చావడిలో దిండుకు చేరగిలబడతాడు. ముగ్గురు వచ్చి ఒకే వింత చెబితే చాలు, గంటం తీసి తాటాకుకు ఎక్కించేస్తాడు. గ్రంథానికెక్కిందంటే రుజువైనట్టేనని రాజశాసనం. ఆ చోటుకు వెళ్ళి చూసే అలవాటు మాత్రం శాస్త్రికి లేదు. చూడబోతే వింత నిలవదని భయం కాబోలు.

ఇంతవరకూ నవ్వుకుని ఊరుకోవచ్చు. మాట్లాడిన చింతచెట్టుకు పోయేదేమీ లేదు. కానీ ఒకనాడు ముగ్గురు రైతులు వచ్చి, రాత్రిళ్ళు పొలాల్లో కొరివిదయ్యం తిరుగుతోందని చెప్పారు. మంట ఒక్కటే గట్ల వెంట పరుగెడుతుందట, మనిషి ఆకారం కనిపించదట, పిలిస్తే పలకదట. అది బయలుదేరేది ఊరి చివర గవరమ్మ గుడిసెలోంచేనట.

శాస్త్రికి ఒళ్ళు పులకరించింది. గవరమ్మే కొరివిదయ్యమని తేల్చేశాడు. పళ్ళు రాలగొట్టి, తల గొరిగి, పొలిమేర దాటించాలని పరిహారం కూడా తానే రాశాడు. రాజు ముద్ర వేశాడు. వచ్చే అమావాస్యకు ఆమెను వెళ్ళగొడతామని ఊరంతా దండోరా వేశారు.

ఆ గవరమ్మ ఎవరనుకున్నారు? మంత్రసాని. పురిటినొప్పులు వేళాపాళా చూసుకుని రావు కదా. ఏ ఊరి నుంచి కబురొచ్చినా నల్లకోక చుట్టుకుని, దివిటీ పట్టుకుని, అడ్డదారిన గట్ల వెంట పరుగెత్తేది. పురుడు పోయడానికి పోతూ దారిలో నోరు విప్పకూడదని ఆ దేశపు మంత్రసానుల ఆనవాయితీ. ఫిర్యాదు చేసిన రైతుల బిడ్డలను భూమ్మీద పడగానే అందుకున్న చేతులు కూడా ఆమెవే.

దండోరా పడ్డాక ఆమెను పిలవడానికి ఎవరికీ గుండె చాలలేదు. సాలెవీధిలో ఒక ఇంటి కోడలు మంత్రసాని లేక చచ్చి బతికింది. బిడ్డ దక్కింది గానీ తల్లి ఇంకా మంచం దిగలేదు.

కొలువులో నలుగురినీ నవ్వించే సూరప్ప చెవిన ఈ సంగతి పడింది. ఆనాడు మాత్రం అతనికి నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయి తిన్నగా చావడికి వెళ్ళాడు.

“శాస్త్రిగారూ, ఆ మంట ఏమిటో మీరు వెళ్ళి అడిగారా?”

“దయ్యాన్ని అడగడమేమిటయ్యా? ముగ్గురు చెప్పారు, నేను రాశాను.”

“ఎవరు ముగ్గురు చెప్పినా చాలునా?”

“అబద్ధాలకోరులు కాకపోతే చాలు. మా పద్ధతి అంతే.”

సూరప్ప రాజు దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నాడు. గ్రంథానికెక్కినదాన్ని చెరిపే ఆచారం లేదని రాజు తల అడ్డంగా ఊపాడు. సూరప్ప పళ్ళు కొరుక్కుంటూ బయటికొచ్చాడు. ఆ పూటంతా వీధులు పట్టి తిరుగుతూ, ఎవరికి ఏ వింత కనబడిందని ఇంటింటా అడిగాడు.

మర్నాడు నిండు కొలువుకు ముగ్గురిని వెంటబెట్టుకొచ్చాడు. శాస్త్రి గంటం సవరించుకున్నాడు.

మొదట గానుగింటి గంగమ్మ చెప్పింది. “మాపటేళ నల్లకంబళి కప్పుకుని ఒకటి వచ్చి మా కిటికీ కింద నిలబడతంది బాబయ్యా. ఇంట్లో మేం ఏం మాట్లాడుకుంటన్నామో చెవొగ్గి ఇంటంది. ఎవరదీ అంటే పలకదు.”

గాజుల వీరన్న అందుకున్నాడు. “నేనూ చూశానండి. దాన్ని చూస్తే కుక్కలు ఊరుకోవు. మొన్న కుక్కలు తరిమితే మురుక్కాలవలో పడి, లేచి, మళ్ళీ పరుగెత్తిందండి.”

వీధులు కాపలా కాసే తలారి చివర చెప్పాడు. “దగ్గరికొస్తే గుప్పుమని పునుగు వాసన దొరా. పోయి పోయి కోటగోడ కాడ మాయమైపోద్ది.”

“బ్రహ్మరాక్షసి!” అన్నాడు శాస్త్రి, ఆనందం పట్టలేక. “ఇంత గొప్ప వింత నా గ్రంథంలో ఇంతవరకూ లేదు. దీనికీ అదే పరిహారం. పళ్ళు రాలగొట్టి, తల గొరిగి, పొలిమేర దాటించాలి.”

“రాయండి స్వామీ,” అన్నాడు సూరప్ప. “రాజుగారు ముద్ర వేస్తే ఈ మాపే రోకళ్ళు పట్టుకుని కాపు కాస్తాం. పళ్ళ సంగతి నేను చూసుకుంటాను.”

సింహాసనం మీద రాజు అటూ ఇటూ కదిలాడు. మారువేషంలో వీధులు తిరిగి ప్రజల మనసు తెలుసుకోవడం ఆ వంశపు రాజుల ఆచారం. కాలవలో పడినప్పుడు తగిలిన మోకాలి దెబ్బ ఇంకా మానలేదు.

“ఆగండి,” అన్నాడు రాజు. “దయ్యమేనని ఎలా చెప్పగలం? ఎవరో పాపం, ఏదో పని మీద తిరుగుతున్నారేమో.”

“మరి పిలిస్తే పలకరేం ప్రభూ?” అన్నాడు సూరప్ప.

“పలకకూడని ఆచారమేదైనా ఉండవచ్చు.”

“ఉండవచ్చు. అయితే ఏం చెయ్యమంటారు?”

“వెళ్ళి మర్యాదగా అడగాలి. అడగకుండా పళ్ళు రాలగొట్టడం అన్యాయం కాదూ?”

“అడగడం మా పద్ధతిలో లేదు ప్రభూ,” అన్నాడు శాస్త్రి.

“నువ్వు నోరు మూసుకో,” అన్నాడు రాజు.

సూరప్ప ఒక అడుగు ముందుకు వేశాడు. “ఆ మాట గవరమ్మ విషయంలో ఒక్కరూ అనలేదు ప్రభూ. ఆమె తిరిగేదీ పని మీదే. ఆమెకూ పలకకూడని ఆచారం ఉంది. కంబళి కప్పుకున్నవారికి దొరికిన న్యాయం దివిటీ పట్టుకున్న ఆడమనిషికి ఎందుకు దొరకలేదు? ఆమెను పిలవనందుకు సాలెవీధిలో ఒక తల్లి ఇంకా మంచాన పడి ఉంది.”

రాజు సింహాసనం దిగి, శాస్త్రి కట్టలోంచి గవరమ్మ మీద రాసిన తాటాకు లాక్కుని ముక్కలు చేశాడు. ఆపైన మెల్లగా అడిగాడు. “అది నేనేనని నీకెలా తెలిసింది సూరప్పా?”

“ఊరందరికీ తెలుసు ప్రభూ. మర్యాదకు ఊరుకుంటున్నారు. జరీ అంచు కంబళి ఈ ఊళ్ళో ఇంకెవరికుంది?”

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, మెడలోని ముత్యాల హారం తీసి సూరప్పకు అందించాడు. సూరప్ప చెయ్యి చాపలేదు.

“మీ నవ్వుతో నా కోపం చల్లారలేదు ప్రభూ. ఇది గవరమ్మకు ఇవ్వండి. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, మీ చేత్తో ఇవ్వండి. శాస్త్రిగారినీ తీసుకెళ్ళండి. ఆమె ఏం చెబితే అది రాసుకుంటారు.”

మర్నాడు పొద్దున్నే రాజు, వెనకాలే తాటాకుల కట్ట మోసుకుంటూ శాస్త్రి గవరమ్మ గుడిసెకు వచ్చారు. ఊరంతా వెంట వచ్చింది. గుమ్మంలో గవరమ్మ కోడలు చీపురు పక్కన పడేసి దణ్ణం పెట్టింది.

“మా అత్త తెల్లారగట్ల పురుడు పోసొచ్చి ఇప్పుడే నడుం వాల్చింది మారాజా. దండోరా పడ్డాక పిలిచింది ఈ ఒక్క ఇంటోళ్ళే. లేపమంటారా?”

రాజు వద్దని చేత్తో వారించాడు. అప్పటికే అరుగు మీద చేరగిలబడ్డ శాస్త్రిని పక్కకు జరగమని, తానూ కూర్చున్నాడు. ఎండెక్కింది. గవరమ్మ తనంతట తాను లేచేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.