పాముచారల కలం

అనగనగా ఒక రాజ్యం. ఏ రాజ్యమని మాత్రం అడక్కండి, అడిగితే నాకు కోపం వస్తుంది, కథ ఆగిపోతుంది.

ఆ రాజ్యాన్ని కుముదవర్మ ఏలుతున్నాడు. ఏటి అవతలి రాజ్యానికి కనకాంగి రాణి. ఏటి నీళ్ళ కోసం ఇద్దరికీ తగువు. రెండు సేనలూ చెరో గట్టున కత్తులు నూరుకుంటున్నాయి. చివరికి పెద్దలు నచ్చజెబితే రాణి కాస్త మెత్తబడి, మూడు కొయ్యముక్కలు పంపింది. ఎక్కడో సముద్రాల అవతలి దీవి నుంచి ఓడలో వచ్చిన కొయ్య అది. ఎర్రటి ఒంటి మీద నల్లటి పాముచారలు.

“దీనితో కలం చేయించండి. పున్నమి నాడు ఆ కలంతోనే ఇద్దరం ఒడంబడిక మీద చేవ్రాలు పెడదాం. కలం రాకపోతే మీకు సంధి ఇష్టం లేదనుకుంటాను” అని కబురు చెప్పింది.

ఆ పని పేరోజు నెత్తిన పడింది. పేరోజు తరిమెన పనివాడు. కొయ్యను గిర్రున తిప్పుతూ, ఉలి ఆనించి నున్నగా తీస్తాడు. బొంగరాలు, మంచం కోళ్ళు చేయడంలో పేరున్నవాడే గానీ, ఈ కొయ్యను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పైగా ఆయన ఒక్కగానొక్క కొడుకు వీరోజు ఆ ఏటి గట్టునే, ముందు వరసలో బల్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. యుద్ధమొస్తే మొదటి దెబ్బ ఆ వరసకే. ఇక ఆ తండ్రికి ముద్ద ఎలా దిగుతుంది?

“కలం కుదిరితే పిల్లవాడు ఇంటికొస్తాడు. అదొక్కటి గుర్తుంచుకోండి” అంది భార్య బసవమ్మ. పాపం, ఆయన మరిచిపోతే కదా!

మొదటి ముక్క తీశాడు. రెండు కొసలకీ మందంగా మైనం పూసి ఉంది. ఓడలో అంటిన మడ్డి కాబోలనుకుని గీకి పారేశాడు. త్వరగా ఆరాలని ఎండలో పెట్టాడు. సాయంత్రానికి ఈ కొస నుంచి ఆ కొస దాకా బీట. లోపలి చెమ్మ ఒక్కసారిగా పోకుండా కాపాడే పూత అదని అప్పుడు తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

రెండో ముక్కకి మైనం ముట్టుకోలేదు. తరిమెనకెక్కించాడు. ఇంతలో రాజభటుడు వచ్చి “అయిందా?” అన్నాడు. వాడు పోగానే ఇంకొకడు. పేరోజు బరమా పట్టుకుని, ఊపిరి కూడా తీసుకోకుండా, సిరా గొట్టం పట్టేలా ఒక్క దమ్మున బెజ్జం వేసేశాడు. మాడు వాసన వచ్చింది. కొయ్య బాగా వేడెక్కి టప్పున పగిలింది.

పేరోజు అక్కడే కూలబడ్డాడు. బసవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంగతి తెలిసి మంత్రి వచ్చాడు.

“ఇంత మాత్రానికేనా? ఆ బీటలో లక్కా, కొయ్యపొడీ కూరి మెరుగు పెట్టు. ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు.

పేరోజు చెయ్యి లక్క మీదికి పోయింది. నిజం చెప్పాలంటే చాలా దూరమే పోయింది. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

“సిరా తడికి లక్క ఊడుతుంది స్వామీ. రాణి చేతిలోనే బీట విచ్చుకుంటే మోసమంటుంది. ఆ మోసానికి ముందు పోయేది నా కొడుకు” అన్నాడు.

నేరుగా రాజు దగ్గరికి వెళ్ళాడు. “మహారాజా, రెండు ముక్కలూ నా తొందర వల్లే పగిలాయి. మూడోదాన్ని చేయగలను గానీ పున్నమికి కాదు. గడువు అడగండి.”

రాజు తల అడ్డంగా ఊపాడు. “గడువడిగితే ఏదో ఎత్తు వేశామనుకుంటుందయ్యా.”

“పగిలిన ముక్కలు కూడా పంపండి. దాచడానికి ఏముంది?”

వేరే దారి లేక రాజు దూతను పంపాడు. అబ్బ, ఆ ఎదురుచూపు పగవాడికి కూడా వద్దు. ఊళ్ళో ఎవరింట రోకటి పోటు పడినా, యుద్ధభేరేమోనని బసవమ్మ ఉలిక్కిపడేది.

దూత తిరిగొచ్చాడు. రాణి ఆ ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూసి ఇలా అందట: “ఈ కొయ్య మా పనివాళ్ళనీ ఇలాగే ఏడిపించింది. మీ వాళ్ళు నునుపు చేసి పంపి ఉంటే, లోపల ఏం దాచారోనని నాకు శంకే మిగిలేది. తమ బీట తామే చూపించిన వాళ్ళ మాట నమ్మొచ్చు. కలం అయినప్పుడే రండి.”

అయినా గండం గడవలేదు, ఉన్నది ఒక్కటే ముక్క. పేరోజు భటుల్ని వాకిట్లోకి రానివ్వలేదు. కాస్త బెజ్జం వేయడం, ఆపడం, కొయ్యను చెంపకి ఆనించి చూడడం. వెచ్చగా ఉంటే చల్లారేదాకా పక్కన పెట్టడం. లోపల దూర్చే ఇత్తడి గొట్టానికి వెంట్రుకవాసి చోటు ఎక్కువే ఉంచాడు, కొయ్య బిగిసినా పగలకుండా.

రాజు ఆగలేక తానే వచ్చాడు. “ఇంకెంతసేపయ్యా?”

“మీరు అడగడం మానేదాకా, మహారాజా.”

రాజు పీట లాక్కుని కూర్చున్నాడు. చేసేదేముంది మరి!

ఏటి గట్టున చేవ్రాలు జరిగిన రోజు అందరి కళ్ళూ కలం మీదే. రాణి గట్టిగా ఒత్తి రాసింది. రాజు ఇంకా గట్టిగా ఒత్తాడు. కలానికి గీత కూడా పడలేదు. వీరోజు బల్లెం అప్పజెప్పి, నాన్న వెనకే ఇంటికి నడిచాడు.

భయంతో తొందరపడితే చేతిలోది పగులుతుంది. పగిలిందని ఒప్పుకుంటే మిగిలింది దక్కుతుంది.